పాత క్యాటలిస్ట్‌లు పడేయొద్దు, అలాగని ర్యాక్ నిండా సామాను కొననూ వద్దు

మీరు అడిగింది ముందు ఒక్కసారి చెప్పుకుందాం, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. ఒక ఆఫీసులో తీసేసిన రెండు సిస్కో క్యాటలిస్ట్ 2950 నెట్‌వర్క్ స్విచ్‌లు, ఒక 2960 స్విచ్ మీ చేతికొచ్చాయి. ఒక 2950 కన్సోల్ (కేబుల్‌తో ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌తో నేరుగా మాట్లాడే పోర్టు) మీద ఏమీ చూపించట్లేదు, రెండోది పాస్‌వర్డ్ అడుగుతోంది, 2960కి కొత్త ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కుదరట్లేదు, రెండు 2950లకీ మధ్య కేబుల్ పెడితే లింక్ లైటే వెలగట్లేదు. ఇవన్నీ పడేసి సీసీఎన్ఏ అనే సిస్కో పరీక్ష కోసం మూడు రౌటర్లు మూడు స్విచ్‌లు ఉన్న సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేద్దామా అన్నది మీ ప్రశ్న.

పడేయకండి, ఆ సెట్టూ కొనకండి. మీరు చెప్పిన నాలుగు కంప్లైంట్లలో మూడు అసలు స్విచ్ పాడవడం వల్ల వచ్చినవి కావు, ఒకటి పాత ఓనర్ వదిలేసిన పాస్‌వర్డ్, మిగతా రెండూ పాత సామానుకీ కొత్త సామానుకీ మధ్య వచ్చిన కాలం తేడా. ఆ తేడా ఏ లేయర్‌లో ఉందో పట్టుకోవడమే రేపు ఉద్యోగంలో మీరు రోజూ చేసే పని, కొత్త స్విచ్ కొంటే ఇదంతా మీకు కనపడకుండా పోతుంది.

ముందు మూగబోయిన 2950 సంగతి. కన్సోల్ ఖాళీగా ఉంటే చాలామంది వెంటనే స్విచ్ పోయిందనుకుంటారు, నేను మాత్రం ముందు కేబుల్‌ని, తర్వాత యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌ని, తర్వాత టెర్మినల్ సెట్టింగ్స్‌ని అనుమానిస్తాను, స్విచ్ అన్నిటికంటే ఆఖరు. అయితే మీ దగ్గర ఒక మంచి ఆధారం ఉంది, రెండో 2950 పాస్‌వర్డ్ అడుగుతోంది కదా, అది కూడా ఇదే కేబుల్ ఇదే ల్యాప్‌టాప్‌తో చూసుంటే కేబుల్, అడాప్టర్, డ్రైవర్ మూడూ బానే ఉన్నట్టు, వాటిని పక్కన పెట్టేయొచ్చు. రెండో స్విచ్ లేనివాళ్ళకి ఇంకో పద్ధతి ఉంది, అడాప్టర్‌కి డీబీ9 కనెక్టర్ ఉంటే దాని 2వ పిన్నునీ 3వ పిన్నునీ చిన్న వైరు ముక్కతో కలిపి పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఆ కామ్ పోర్టు ఓపెన్ చేసి ఏదో ఒకటి టైప్ చేయండి, కొట్టిన అక్షరాలు తిరిగి మీకే కనపడితే అడాప్టర్ బతికే ఉంది. ఈ చిన్న టెస్టు తెలియక మంచి స్విచ్‌లు తుక్కులో వేసినవాళ్ళని నేను చూశాను, బాధేస్తుంది.

సెట్టింగ్స్ 9600 స్పీడు, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. ఫ్లో కంట్రోల్ దగ్గర మాత్రం జాగ్రత్త, అది హార్డ్‌వేర్ మీద ఉంటే ఒక్కోసారి స్క్రీన్ మీద బూట్ మెసేజ్‌లన్నీ వస్తాయి కానీ మీరు టైప్ చేసింది ఒక్క అక్షరం కూడా వెళ్ళదు, కాబట్టి "నన్" (ఏదీ వద్దు) అని పెట్టండి. చెత్త అక్షరాలు వస్తుంటే పాత ఓనర్ స్పీడు మార్చి ఉంటాడు, 115200, 57600, 38400, 19200 ఒక్కొక్కటీ పెట్టి చూడండి. చెత్త అక్షరాలు రావడం మంచి గుర్తేనండి, స్విచ్ మాట్లాడుతోంది, మనకే అర్థం కావట్లేదు అంతే.

అసలేమీ రాకపోతే ముందు వైపు ఎస్‌వైఎస్‌టీ లైటు చూడండి. ఆకుపచ్చ అయితే బూట్ అయింది. ఆంబర్ రంగులో ఆగిపోతే కరెంటు అందుతోంది కానీ పవర్ ఆన్ టెస్టులో ఏదో ఫెయిల్ అయింది. ఏ లైటూ లేదు, ఫ్యాన్ కూడా తిరగట్లేదు అంటే ముందు వేరే పవర్ కార్డు పెట్టి చూడండి, అప్పటికీ లేకపోతే లోపల పవర్ సప్లై పోయింది. ఇన్నేళ్ళు వేడిలో పనిచేసిన స్విచ్‌లలో మొదట పోయేవి ఆ పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే, పైన బల్లపరుపుగా ఉండాల్సినవి ఉబ్బి కనపడతాయి. మార్చొచ్చు, కానీ ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ప్రైమరీ వైపు పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన చార్జ్ ఉండిపోతుంది, కాబట్టి ఆ పని తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని తప్ప మూత విప్పకండి. నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి 2950 కోసం ప్రాణం మీదకి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకొకటి, బూట్ అవుతూ మధ్యలో ఆగి "స్విచ్:" అనే ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోతే అది చచ్చిపోయినట్టు కాదు, ఫ్లాష్‌లో ఐఓఎస్ ఇమేజ్ (స్విచ్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్ ఫైలు) లేదు లేదా పాడైంది. ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైల్ పంపే పద్ధతితో కన్సోల్ కేబుల్ మీదుగానే ఎక్కించొచ్చు. 9600 స్పీడులో 3 ఎంబీ ఫైలుకి దాదాపు గంట పడుతుంది, అదే ఆ ప్రాంప్ట్ దగ్గర "సెట్ బాడ్ 115200" కొట్టి పుట్టీలో కూడా అదే స్పీడు పెడితే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పని అయ్యాక "అన్‌సెట్ బాడ్" మర్చిపోకండి, లేకపోతే ఇందాక తిట్టుకున్న పాత ఓనర్ పనే మీరూ చేసినట్టవుతుంది. ఇమేజ్ మాత్రం ఎక్కడపడితే అక్కడ డౌన్‌లోడ్ చేయకండి, అది లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేరు, పైగా తెలియని సైట్‌లో దొరికిన ఫైల్లో ఎవరు ఏం కలిపారో చెప్పలేం. సరైన దారిలో ఇమేజ్ దొరక్కపోతే ఆ స్విచ్‌ని పార్టుల కోసం ఉంచేసుకోండి.

పాస్‌వర్డ్ అడిగే 2950 చాలా తేలిక. పవర్ తీసేసి, ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ పెట్టండి, కాసేపటికి అదే "స్విచ్:" ప్రాంప్ట్ వస్తుంది. "ఫ్లాష్_ఇనిట్", తర్వాత "లోడ్_హెల్పర్", తర్వాత "డిర్ ఫ్లాష్:" కొడితే "కాన్ఫిగ్.టెక్స్ట్" అనే ఫైలు కనపడుతుంది, దాని పేరు మార్చేసి "బూట్" అనండి. స్విచ్ కొత్తదానిలా లేస్తుంది. ఆ పాత ఫైలులో ఏముందో చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది, నా మాట విని డిలీట్ చేసేయండి. అందులో ఆ ఆఫీసు ఐపీ అడ్రసులు, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీలు (నెట్‌వర్క్‌ని గమనించే సాఫ్ట్‌వేర్ వాడే పాస్‌వర్డ్ లాంటి పదాలు), టైప్ 7 పాస్‌వర్డ్‌లు ఉంటాయి, టైప్ 7 అనేది ఎన్‌క్రిప్షన్ అని చెప్పుకోవడమే తప్ప క్షణంలో విప్పేయొచ్చు, అది మనది కాదు, మన దగ్గర ఉండకూడదు.

ఇక్కడే చాలామంది తప్పిపోయే విషయం ఒకటుంది. "రైట్ ఎరేజ్" కొట్టాం కదా అంతా పోయింది అనుకుంటారు, పోదు. వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్ మీద విడివిడిగా చేసుకునే నెట్‌వర్క్‌లు, "వీల్యాన్.డ్యాట్" (vlan.dat) అనే వేరే ఫైలులో ఉంటాయి, దాన్ని విడిగా డిలీట్ చేయాలి, వీటీపీ (వీల్యాన్‌ల జాబితాని స్విచ్‌లు ఒకదానికొకటి పంచుకునే పద్ధతి) రివిజన్ నంబరు కూడా అందులోనే ఉంటుంది. పాత ఆఫీసు వీటీపీ డొమైన్ పేరూ పెద్ద రివిజన్ నంబరూ ఉన్న స్విచ్‌ని అదే డొమైన్ ఉన్న నెట్‌వర్క్‌లో ట్రంక్ (చాలా వీల్యాన్‌లు కలిసి వెళ్ళే లింకు) మీద తగిలిస్తే అక్కడి వీల్యాన్‌లన్నీ తుడిచిపెట్టుకుపోయి దీనిలో ఉన్నవే మిగులుతాయి. మీ ల్యాబ్‌లో కావాలని ఒకసారి చేసి చూడండి, మూడు స్విచ్‌లు ఉన్నాయి కాబట్టి చేయగలరు, ఒక్కసారి కళ్ళారా చూస్తే జన్మలో మర్చిపోరు, తర్వాత అన్నిటినీ, పక్క స్విచ్ పంపే జాబితా తీసుకోని వీటీపీ ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో పెట్టేసుకోండి.

2950లకి మధ్య లైటు వెలగకపోవడం గురించి. స్ట్రెయిట్ కేబుల్ పెట్టుంటారు. 2950కి ఆటో ఎండీఐఎక్స్ లేదు, అంటే పంపే జతనీ అందుకునే జతనీ తనంతట తాను మార్చుకోవడం దానికి తెలియదు, రెండు పక్కలా ఒకే జతలో పంపుతుంటే వినేవాడే ఉండడు. క్రాస్‌ఓవర్ కేబుల్ కావాలి, ఒక చివర టీ568ఏ ఇంకో చివర టీ568బీ క్రింప్ చేసుకుంటే అదే క్రాస్‌ఓవర్. 2960కి ఆటో ఎండీఐఎక్స్ ఉంది కాబట్టి 2960కీ 2950కీ మధ్య మామూలు కేబుల్ సరిపోతుంది. పుస్తకాల్లో చదివి ఈ రోజుల్లో ఎవరికి కావాలిలే అని వదిలేసే విషయం, ఇప్పుడు మీ చేతిలో ఉంది.

ఎస్‌ఎస్‌హెచ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి ఎందుకంటే ఇది పని ప్రదేశాల్లో కూడా రోజూ వచ్చే తలనొప్పి. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ కొత్తది, 2015లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి రహస్య కీ కుదుర్చుకునే పాత పద్ధతి డిఫీ హెల్మన్ గ్రూప్ 1ని డిఫాల్ట్‌గా ఆపేశారు, 2021లో వచ్చిన 8.8 నుంచి అవతలివాళ్ళు తామెవరో నిరూపించుకోడానికి షా 1తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలు ఆపేశారు. మీ 2960 ఐఓఎస్‌కి తెలిసినవి చాలావరకు ఆ పాతవే. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేక ఆగిపోతున్నారు, అంతకుమించి ఏమీ లేదు. ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవండి, "నో మ్యాచింగ్ కీ ఎక్స్ఛేంజ్ మెథడ్" అంటే గ్రూప్ గొడవ, "హోస్ట్ కీ టైప్" అంటే ఆర్‌ఎస్‌ఏ గొడవ, "సైఫర్" అంటే ఏఈఎస్ సీబీసీ లాంటి పాత సైఫర్ ఒకటి ఒప్పుకోవాలి, ఒకటి సరిచేస్తే తర్వాతది బయటపడుతుంది, కంగారు పడకండి. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైలులో ఆ స్విచ్ ఒక్కదాని పేరు మీద హోస్ట్ బ్లాక్ రాసి, అందులో మాత్రమే ఈ పాత అల్గారిథమ్‌లు కలపండి, ల్యాప్‌టాప్ మొత్తానికి పెట్టేస్తే ప్రతి కనెక్షన్‌నీ బలహీనం చేసుకున్నట్టే. ఇవన్నీ చేశాక కూడా కీ సైజు గురించి మెసేజ్ వస్తే స్విచ్‌లో ఆర్‌ఎస్‌ఏ కీ 512 లేదా 768 బిట్లది ఉందన్నమాట, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 1024 కంటే చిన్నది ఒప్పుకోదు. కన్సోల్ నుంచి పాత కీ తీసేసి 2048తో కొత్తది చేసుకోండి, పాత ప్రాసెసర్ కాబట్టి కాస్త టైమ్ తీసుకుంటుంది, హ్యాంగ్ అయిందని పవర్ తీసేయకండి. అసలు ఇమేజ్ పేరులో కే9 లేకపోతే ఆ స్విచ్‌కి ఎస్‌ఎస్‌హెచ్చే లేదు, అప్పుడు కన్సోలే దిక్కు, పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపే టెల్నెట్ వాడినా బయటికి దారిలేని ల్యాబ్‌లో మాత్రమే.

ఆ మాటకొస్తే ఈ మూడింటినీ ఇంటర్నెట్‌కి నేరుగా కనపడేలా ఎప్పుడూ పెట్టొద్దు. 2960లో స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే ఫీచర్ ఉంటుంది, టీసీపీ 4786 పోర్టు మీద వింటూ ఉంటుంది, పాస్‌వర్డే అడగదు, 2018లో దాన్లో పెద్ద లోపం బయటపడింది. "నో వీస్టాక్" కొట్టి ఆపేయండి, ఆ కమాండ్ లేదంటే మీ వెర్షన్‌లో అది లేదు, వదిలేయండి.

ఇప్పుడు పోర్టుల స్థాయి ట్రబుల్‌షూటింగ్, ఇక్కడ రెండు అనుభవాలు చెప్తాను. ఒక చోట సర్వర్ నుంచి ఫైళ్ళు నత్తనడకన వస్తున్నాయని పిలిచారు, పింగ్ మాత్రం చక్కగా వెళ్తోంది. సర్వర్ వైపు ఎవరో 100 ఫుల్ (పంపడం, అందుకోవడం ఒకేసారి) అని ఫిక్స్ చేసి పెట్టారు, స్విచ్ పోర్టు ఆటోలో ఉంది. అవతలివైపు నెగోషియేషన్ చేయకపోతే స్విచ్‌కి స్పీడు తెలుస్తుంది కానీ డూప్లెక్స్ తెలియదు, అప్పుడు నియమం ప్రకారం హాఫ్‌కి (ఒకసారికి ఒక్కటే) పడిపోతుంది. హాఫ్ ఉన్న వైపు లేట్ కొలిజన్లు, ఫుల్ ఉన్న వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా పాడై వచ్చిందనే లెక్క) పెరుగుతుంటాయి. తక్కువ ట్రాఫిక్‌లో ఏమీ తెలియదు, లోడ్ పెరగ్గానే నరకం. అందుకే లింక్ వెలిగింది కదా అని వదిలేయకుండా "షో ఇంటర్‌ఫేసెస్" చూసి, "క్లియర్ కౌంటర్స్" చేసి, ట్రాఫిక్ పంపి మళ్ళీ చూడండి. పాత అంకెలు మూడేళ్ళ కిందటివి కావచ్చు, ఇప్పుడు పెరుగుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఈ తప్పు మీ 2950 మీద కావాలని చేసి చూడండి. గిగాబిట్ రాగి పోర్టుల్లో నెగోషియేషన్ తప్పనిసరి కాబట్టి కొత్త సామాను మీద ఇది ఇంత తేలిగ్గా చూపించలేం.

రెండోది నేను చేసిన తప్పే. పోర్టులు చాలక స్టోర్‌లో పడున్న ఒక పాత 100 ఎంబీ స్విచ్‌ని రెండు గిగాబిట్ స్విచ్‌లకి తగిలించాను, మర్నాడు ఆఫీసంతా స్లో. స్పానింగ్ ట్రీలో (ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా అదనపు లింక్‌లని ఆపే పద్ధతి) అందరి ప్రయారిటీ 32768 డిఫాల్టే ఉంటే తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నది రూట్ (మిగతావన్నీ దారి లెక్కేసుకునే కేంద్రం) అవుతుంది, ఒకే కంపెనీ సామానులో ముందు తయారైన వాటికి తరచుగా తక్కువ మ్యాక్ ఉంటుంది కాబట్టి ఉన్నవాటిల్లో ముసలి స్విచ్చే పెద్దరికం తీసుకుంది. రెండు గిగాబిట్ స్విచ్‌ల మధ్య నేరుగా ఉన్న లింక్ బ్లాక్ అయ్యి ట్రాఫిక్ అంతా దాని 100 ఎంబీ లింక్‌ల మీదుగా తిరిగింది, ఎందుకంటే రెండిటికీ రూట్ దగ్గరికి తక్కువ ఖర్చు దారి అదే. అప్పటినుంచి ఏ నెట్‌వర్క్‌లో అడుగుపెట్టినా ముందు "షో స్పానింగ్ ట్రీ" కొట్టి రూట్ ఎవరో చూస్తాను. మీరు కూడా 2960కి ప్రయారిటీ 4096 పెట్టి రూట్ చేసి, ఒక లింక్ పీకి, తిరిగి రావడానికి ఎంత సేపు పట్టిందో లెక్కపెట్టండి. పాత పద్ధతిలో లిజనింగ్ 15 సెకన్లు లెర్నింగ్ 15 సెకన్లు, పక్క లింక్ పోయిన సంగతి నేరుగా తెలియకపోతే ఇంకో 20 కలుస్తాయి, స్పానింగ్ ట్రీలో వేగంగా కోలుకునే రకమైన ర్యాపిడ్ పీవీఎస్‌టీకి మార్చి చూస్తే తేడా మీకే కనపడుతుంది. పీసీ తగిలించాక లైటు అరనిమిషం ఆంబర్‌లో ఉంటే అదీ ఇదే, పోర్ట్‌ఫాస్ట్ పెడితే పోతుంది. పోర్టు ఎర్ర్ డిజేబుల్ (తప్పు కనపడి స్విచ్ తనే పోర్టు మూసేయడం) అయ్యి ఆగిపోతే మాత్రం కారణం తీసేశాకే "షట్, నో షట్" చేయండి.

ఇక కొనడం గురించి. ముందు మీ 2960లో "షో వెర్షన్" చూడండి, ఇమేజ్ పేరులో ల్యాన్‌బేస్ అని ఉండి 12.2(55)ఎస్‌ఈ లేదా ఆ తర్వాతది అయితే "ఎస్‌డీఎం ప్రిఫర్ ల్యాన్‌బేస్ రౌటింగ్" కొట్టి రీలోడ్ చేస్తే స్టాటిక్ రౌటింగ్ (దారులు మనమే చేత్తో రాయడం) వస్తుంది, వీల్యాన్‌ల మధ్య రౌటింగ్ దాని మీదే చేయొచ్చు, 16 స్టాటిక్ రూట్ల వరకూ. అంటే రౌటింగ్ కూడా చేసే లేయర్ 3 స్విచ్ కొనాల్సిన పనే తప్పింది. ల్యాన్‌లైట్ అయితే ఆ అదృష్టం లేదు.

రౌటర్లు పెట్టెల రూపంలో కొనకండి, ఇది నా గట్టి అభిప్రాయం. రౌటింగ్ అంతా సాఫ్ట్‌వేర్‌లో అచ్చంగా వస్తుంది. ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, కానీ అది సిమ్యులేటర్, అసలు ఐఓఎస్ కాదు, కొన్ని కమాండ్లు ఉండవు, మొదటి కొన్ని నెలలకి చాలు. తర్వాత సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ (సీఎంఎల్) ఫ్రీ వెర్షన్‌లో 5 నోడ్‌ల వరకూ అసలు ఐఓఎస్ నడపొచ్చు. జీఎన్‌ఎస్3, ఈవీఈ ఎన్‌జీ అనే ల్యాబ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిలో మైక్రోటిక్ సీహెచ్‌ఆర్ అనే వర్చువల్ రౌటర్ ఉచితంగా వేసుకోవచ్చు, ఇంటర్‌ఫేస్‌కి 1 ఎంబీపీఎస్ పరిమితి ఉంటుంది కానీ ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ పద్ధతి నేర్చుకోడానికి ఆ స్పీడు అడ్డమే కాదు. లైనక్స్ మీద ఎఫ్‌ఆర్‌ఆర్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా తేలిక, పాత ల్యాప్‌టాప్‌లో కూడా పది రౌటర్లు లేస్తాయి. డబ్బు ఖర్చు పెట్టాలనుంటే ర్యామ్‌కి పెట్టండి. ఈ వర్చువల్ రౌటర్లని మీ అసలు 2960కి ట్రంక్‌తో కలపొచ్చు కూడా, కాకపోతే విండోస్‌లో చాలా నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్లు వీల్యాన్ ట్యాగ్‌ని దారిలోనే తీసేస్తాయి, రోజంతా తల పట్టుకుంటారు, లైనక్స్ వాడండి.

హార్డ్‌వేర్‌లో కొనదగ్గది నా లెక్కలో ఒకటే, ఒక మంచి ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్సోల్ కేబుల్. ఆ తర్వాత ఇంకా మిగిలితే మైక్రోటిక్ హెక్స్ లాంటి చిన్న 5 పోర్టుల రౌటర్, దాంట్లో వీల్యాన్, ఫైర్‌వాల్, ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అన్నీ ఉంటాయి, వేరే కంపెనీ సీఎల్‌ఐ (కమాండ్లు టైప్ చేసే తెర) కూడా అలవాటవుతుంది. ఆ అలవాటు అవసరం అండి. సిస్కోలో ట్రంక్ అంటే ట్యాగ్ చేసిన చాలా వీల్యాన్‌లు వెళ్ళే లింకు, పాత హెచ్‌పీ ప్రోకర్వ్‌లో ట్రంక్ అంటే రెండు మూడు లింకులని కట్టగా కట్టడం, పదం ఒకటే పని వేరు, ఒక్క బ్రాండే చూసినవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. వెబ్ పేజీతో వచ్చే చవక స్మార్ట్ స్విచ్‌లు వీల్యాన్ అర్థం చేసుకోడానికీ, పోర్ట్ మిర్రరింగ్‌తో వైర్‌షార్క్ పెట్టి చూడ్డానికీ బావుంటాయి, కానీ చాలా వాటికి సీఎల్‌ఐ ఉండదు, స్పానింగ్ ట్రీ ఉండదు.

ఎప్పుడైనా సెకండ్ హ్యాండ్ స్విచ్ కొనాల్సి వస్తే 8 పోర్టుల ఫ్యాన్ లేనిది వెతకండి, 2960సీ, 3560సీజీ లాంటివి. పెద్ద ర్యాక్ స్విచ్ శబ్దానికి అదే గదిలో చదువుకోలేరు, నిద్రపోలేరు, పైగా 40 వాట్లు తినే స్విచ్‌ని రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంచితే నెలకి దాదాపు 29 యూనిట్లు, మూడుంటే మూడింతలు. అమ్మేవాళ్ళని "షో వెర్షన్", "షో పోస్ట్", "డిర్ ఫ్లాష్:" ఔట్‌పుట్ అడగండి, పవర్ లైటు వెలుగుతున్న ఫోటో చాలదు. మెరాకీ లాంటి క్లౌడ్ లైసెన్స్ మీద నడిచేవి ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి, లైసెన్స్ లేకపోతే పనికిరావు. పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు ఇవ్వడం) కూడా యాక్సెస్ పాయింటో ఐపీ ఫోనో ఉంటే తప్ప వద్దు, దానికి వేడీ శబ్దమూ ఎక్కువ.

సీసీఎన్ఏ 200-301 సిలబస్‌లో వైర్‌లెస్, ఆటోమేషన్ భాగాలు, ఐపీవీ6 ఈ 2950ల మీద రావు, వాటికి ప్యాకెట్ ట్రేసర్, సీఎంఎల్ చూసుకోండి. వీల్యాన్, ట్రంక్, ఈథర్‌ఛానల్ (లింకులని కట్టగా కట్టడం), ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ), పోర్ట్ సెక్యూరిటీ మాత్రం మీ మూడు స్విచ్‌లతో కడుపునిండా చేసుకోవచ్చు. ఒకవేళ 3560 తగిలితే అక్కడ "స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ" కొట్టాకే ట్రంక్ మోడ్ ఒప్పుకుంటుంది, 2960లో ఆ కమాండే ఉండదు, అది కనపడలేదని భయపడకండి.

ఈ వారం క్రమం ఇలా పెట్టుకోండి: పాస్‌వర్డ్ రికవరీ, వీల్యాన్.డ్యాట్ డిలీట్, క్రాస్‌ఓవర్ కేబుల్, తర్వాత 2960 ఎస్‌ఎస్‌హెచ్. మూగ 2950కి ఎస్‌వైఎస్‌టీ లైటు ఏ రంగులో ఉంది, ఫ్యాన్ తిరుగుతోందా, పవర్ పెట్టిన మొదటి నిమిషంలో కన్సోల్ మీద ఒక్క అక్షరమైనా వచ్చిందా, ఈ మూడూ రాయండి, 2960 "షో వెర్షన్" కూడా పెట్టండి (సీరియల్ నంబరు తీసేసి), అక్కడినుంచి ముందుకెళ్దాం.